పక్క వీధి ఇల్లు నెలలో అమ్ముడైంది, మా ఇల్లు ఏడాదైనా ఎందుకు ఆగింది?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. నెల్లూరు వేదాయపాళెం వైపు 30 అంకణాల స్థలంలో నాన్నగారు ఇరవై ఏళ్ల కిందట కట్టిన 1,400 చదరపు అడుగుల ఇల్లు. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అక్క, మీరు, అమెరికాలో ఉన్న తమ్ముడు. కోటి రూపాయలు చెబుతున్నారు. జనం వస్తున్నారు, ఇల్లు బాగుందంటున్నారు, కాగితాల జెరాక్సులు పట్టుకెళ్తున్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. పక్క వీధిలో దీనికంటే పాతగా కనిపించే ఇల్లు మాత్రం నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఇల్లు అమ్ముడుపోవడం లేదంటే, బేరం ఏ మెట్టు దగ్గర తెగిపోతోందో ముందు చూడాలి. చూడటానికే ఎవరూ రాకపోతే రేటు ఎక్కువ చెబుతున్నట్టు. ఒకసారి చూసి మళ్లీ రాకపోతే ఇంట్లోనో వీధిలోనో ఏదో నచ్చలేదు. రెండోసారి ఇంట్లోవాళ్లనీ మేస్త్రీనీ వెంటబెట్టుకుని వచ్చి, జెరాక్సులు తీసుకుని కనిపించకుండా పోతే కాగితాల్లో చిక్కు. బయానా ఇచ్చాక వెనక్కి అడిగితే బ్యాంకు దగ్గర ఆగింది. మీది మూడో రకం. కాబట్టి రంగులు వేయించే ఖర్చు ఇప్పుడే పెట్టుకోకండి.

మీరిచ్చిన జెరాక్సులు ఎక్కడికి పోతాయో చెప్తాను. కొనేవాళ్లకి లోను కావాలి. ఆ కట్ట బ్యాంకు ప్యానెల్ లాయరు బల్ల మీదికి వెళ్తుంది. ఆయన చూసే మొదటి కాగితం ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం. మామూలుగా 30 ఏళ్లకి అడుగుతారు, కొన్ని బ్యాంకులు 13 ఏళ్లతో సరిపెడతాయి. 1983 నుంచి ఎంట్రీలు కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. ఈసీలో ఎక్కువగా బయటపడే చిక్కు, ఎప్పుడో తీసుకుని ఎప్పుడో తీర్చేసిన లోను. డబ్బు కట్టేశారు, దస్తావేజు ఇంటికి తెచ్చుకున్నారు, కానీ తనఖా రద్దయినట్టు రిజిస్టర్ చేయించలేదు. ఈసీలో ఆ తనఖా అలాగే కనిపిస్తుంటుంది. లాయరు 'రద్దు దస్తావేజు కావాలి' అని ఒక్క వాక్యం రాస్తాడు, కొనేవాడు ఇంకో ఇల్లు చూసుకుంటాడు. ఇది ముందే తెలిస్తే బ్యాంకు శాఖకి వెళ్లి విడుదల పత్రం రాయించి రిజిస్టర్ చేయించుకోవచ్చు. శాఖ వేరే బ్యాంకులో కలిసిపోయినా, పాత ఫైలు వెతికించడానికి నాలుగైదుసార్లు తిరగాల్సి వచ్చినా అది మీరు చేయాల్సిన పని. కొనేవాడు చేయడు.

లోను ఇంకా నడుస్తున్న ఇల్లయినా అమ్మొచ్చు. బ్యాంకు నుంచి బకాయి ఎంతో రాయించిన కాగితం, వాళ్ల దగ్గరున్న అసలు దస్తావేజుల జాబితా తెచ్చిపెట్టుకుంటే చాలు. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలనీ, ఆలస్యానికి రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కొనేవాళ్లకి ఈ మాట చెబితే సగం భయం పోతుంది.

రెండోది వారసులు. మీ ఇంటికి అసలు చిక్కు ఇదేననిపిస్తోంది. నాన్నగారు సొంత సంపాదనతో కొన్న స్థలం, వీలునామా లేదు. కాబట్టి అమ్మకీ, ముగ్గురు పిల్లలకీ సమానంగా నాలుగు వాటాలు. నాన్నగారు పోయేనాటికి ఆయన తల్లి, అంటే మీ నాయనమ్మ, బతికుండి ఉంటే ఆమెకీ ఒక వాటా ఉంటుంది. ఆమె కూడా తర్వాత పోయి ఉంటే ఆ వాటా ఆమె వారసులకి, అంటే మీ మేనత్తలకీ బాబాయిలకీ కూడా చేరుతుంది. చాలా కుటుంబాల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని వాటా ఇది. లాయరు మాత్రం నాయనమ్మ మరణ ధ్రువీకరణ పత్రంలో తేదీ చూసే ముందుకు వెళ్తాడు.

అక్క గురించి మన వైపు అందరూ చెప్పే మాట ఒకటుంది: 'ఆమెకి పసుపు కుంకుమ కింద పెళ్లప్పుడే ఇచ్చేశాం.' నోటి మాటగా ఇచ్చింది ఈ ఇంట్లో ఆమె వాటాని తీసేయదు. తెల్ల కాగితం మీద రాసుకున్న పారీఖత్తు (వాటాల పంపకం కాగితం) కూడా బ్యాంకు దగ్గర నిలవదు. ఆమె అమ్మకందారుల్లో ఒకరుగా సంతకం పెట్టాలి, లేదా మీ పేరున హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయాలి. తాతల నాటి ఆస్తి అయితే ఇంకాస్త లోతుగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి రాష్ట్ర సవరణ చట్టమే ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో సంబంధం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే పాత విక్రయాల్లో ఆడపిల్లల సంతకం లేని దస్తావేజు కనిపిస్తే లాయర్లు అక్కడ ఆగుతున్నారు.

చేయాల్సింది: తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, అందరి ఆధార్, పాన్. వారసుల్లో మైనరు ఎవరైనా ఉంటే కోర్టు అనుమతి లేకుండా ఆ వాటా అమ్మడం కుదరదు, దానికి నెలలు పడుతుంది. ఇంటిపన్ను, కొళాయి, కరెంటు మీటరు ఇంకా నాన్నగారి పేరునే ఉంటే పన్ను ముందు మార్పించండి. మీటరు పేరు వెనకైనా ఫర్వాలేదు. బకాయి మాత్రం ఉండకూడదు.

పక్క వీధి ఇల్లు నెలలో పోవడానికి కారణం అక్కడే దొరకొచ్చు. ఒకే యజమాని, ఒకే దస్తావేజు, ప్లాను కాపీ, శుభ్రమైన ఈసీ ఉంటే గోడలు మాసిపోయినా బ్యాంకుకి అభ్యంతరం లేదు.

ఇక స్థలం మీది చిక్కులు. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఇప్పుడే చూడండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), దేవాదాయ, వక్ఫ్ భూములు ఇందులో వస్తాయి. ఒక్కోసారి అదే సర్వే నంబరులో కొంత భాగమే నిషేధంలో ఉండి, సబ్‌డివిజన్ రాయకపోవడంతో మొత్తం నంబరు చిక్కుకుంటుంది. ఇక నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ చుక్కల భూముల బాధ తెలియనివాళ్లు తక్కువ. పాత రెవెన్యూ రిజిస్టర్లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవి. 2023 మేలో కావలి సభ వేదికగా వీటిని నిషేధిత జాబితా నుంచి తొలగించే కార్యక్రమం జరిగింది. మీ నంబరు అలాంటిదైతే, తొలగించినట్టు ఉత్తర్వు కాపీ కట్టలో ముందు పెట్టండి. 'క్లియర్ అయిపోయిందండీ' అన్న మాట ఏ లాయరూ తీసుకోడు.

లేఅవుట్ అనుమతి లేని పంచాయతీ ప్లాటు అయితే దాన్ని క్రమబద్ధీకరించిన ఎల్‌ఆర్‌ఎస్ కాగితం, ప్లానుకి మించి కట్టి ఉంటే ఆ కట్టడాన్ని క్రమబద్ధీకరించిన బీపీఎస్ ఉత్తర్వు అడుగుతారు. ప్లాను కింది అంతస్తుకే ఉండి పైన రెండు గదులు వేసుకున్న ఇళ్లు వేదాయపాళెం నుంచి బుజబుజ నెల్లూరు దాకా వీధికి నాలుగు కనిపిస్తాయి. బ్యాంకు వాల్యుయేషన్ ఇంజనీరు ఆ పై గదులకి విలువ కట్టకపోవచ్చు. కాబట్టి మీ రేటులో వాటిని పూర్తి ధరకి లెక్కేయకండి.

కొలతలు. ఇది మీరే ఒక పూటలో చేసుకోగలిగే పని, చేసేవాళ్లు మాత్రం తక్కువ. టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలిచి దస్తావేజు చెక్కుబందీతో (హద్దుల వివరంతో) సరిచూడండి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంటే 2,160 చదరపు అడుగులు, సరిగ్గా 30 అంకణాలు. ముందు రోడ్డు వేసినప్పుడు ప్రహరీ రెండున్నర అడుగులు లోపలికి జరిగి ఉంటే నేల మీద మిగిలింది 36 బై 57.5, అంటే 28.75 అంకణాలు. అంకణం రెండు లక్షలనుకుంటే ఆ ఒకటింపావు అంకణం రెండున్నర లక్షలు. కొనేవాడి మేస్త్రీ ఇది పట్టుకుంటే బేరం రెండున్నర లక్షల దగ్గర ఆగదు. 'ఇంకేం దాచారో' అన్న అనుమానం మొదలవుతుంది. మీరే ముందు చెప్పి, నేల మీద ఉన్న కొలతకే రేటు కడితే అదే విషయం మీకు అనుకూలంగా మారుతుంది. ఒంగోలు, చీమకుర్తి వైపు నుంచి వచ్చేవాళ్లకి అంకణం అలవాటుండదు, గజాల్లోనే అడుగుతారు. అంకణం రెండు లక్షలంటే గజం పాతికవేలు. రెండు లెక్కలూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇప్పుడు రేటు. కోటి ఎలా వచ్చిందో ఊహించగలను. పక్కవాళ్లు ఎంత చెప్పారో విని, దానికి మన మార్బుల్, టేకు తలుపులు, రామాయపట్నం పోర్టు వస్తోందన్న ఆశ కలిపి ఉంటారు. పక్కవాళ్లు చెప్పిన రేటు వేరు, వాళ్ల చేతికి వచ్చిన రేటు వేరు. పోర్టు, రిఫైనరీ, విమానాశ్రయం కబుర్లు ఖాళీ ప్లాట్ల మీద పెట్టుబడి పెట్టేవాళ్లని కదిలిస్తాయి. ఇరవై ఏళ్ల ఇల్లు కొనేవాడు అందులో కాపురం పెట్టడానికి కొంటాడు. పదేళ్ల తర్వాత రాబోయే దానికి ఇవాళ డబ్బివ్వడు.

వాల్యుయేషన్ ఇంజనీరు లెక్క సూటిగా ఉంటుంది. స్థలం విలువ వేరు, కట్టడం విలువ వేరు. మీ వీధిలో అంకణం నిజంగా రెండు లక్షలకి చేతులు మారుతోందనుకుందాం. 30 అంకణాలకి 60 లక్షలు. కట్టడం 1,400 చదరపు అడుగులు, ఇప్పుడు అలాంటిది కట్టాలంటే అడుగుకి 2,000 అనుకుంటే 28 లక్షలు. కాంక్రీటు ఇంటి ఆయుష్షు 60 ఏళ్లుగా తీసుకుని, చివరికి పదో వంతు మిగులుతుందని లెక్కేస్తే 20 ఏళ్లకి 30 శాతం తరుగు. మిగిలింది 19.6 లక్షలు. మొత్తం 79.6 లక్షలు. మార్బుల్, కబోర్డులు ఇల్లు త్వరగా అమ్ముడవడానికి పనికొస్తాయి, వాటి బిల్లు మొత్తం వెనక్కి రాదు. అంకెలు ఉదాహరణకే, మీ వీధి అసలు రేటు పెట్టి మళ్లీ వేసుకోండి.

ఈ లెక్క కొనేవాడి జేబులో ఎలా పనిచేస్తుందో చూడండి. లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో గరిష్ఠంగా 80 శాతం ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు పరిమితి. 30 లక్షల లోపు లోనుకి 90 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం. బ్యాంకు తన ఇంజనీరు కట్టిన విలువ, అగ్రిమెంటు ధర, రెండింటిలో తక్కువదాన్నే తీసుకుంటుంది. 79.6 లక్షల మీద 80 శాతం అంటే 63.7 లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, ఇది లోనులో రాదు. మీరు 80 లక్షలకి ఇస్తే కొనేవాడు చేతి నుంచి 16.3 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి 6 లక్షలు, మొత్తం 22.3 లక్షలు తేవాలి. కోటి అంటే చేతి నుంచి 36.3, రిజిస్ట్రేషన్‌కి 7.5, మొత్తం 43.8 లక్షలు. ధర పెరిగింది నాలుగో వంతే, చేతి డబ్బు మాత్రం దాదాపు రెట్టింపయింది. వేదాయపాళెంలో ఇల్లు చూసే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కృష్ణపట్నం పోర్టులోనూ శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లోనూ పనిచేసేవాళ్లలో ఇరవై పాతిక లక్షలు చేతిలో ఉన్నవాళ్లు దొరుకుతారు. నలభై నాలుగు లక్షలున్నవాడు ఇంకో పది వేసి ఖాళీ స్థలం కొని తనకి నచ్చినట్టు కట్టుకుందామనుకుంటాడు.

18, 20 అంకణాల ఇళ్లు చకచకా పోవడానికి కూడా కారణం ఇదే. మొత్తం ధర లోను పరిధిలో ఒదుగుతుంది. దర్గామిట్ట, పొగతోట లాంటి చోట్ల 60 అంకణాల పాత మిద్దె ఉంటే దాన్ని ఇల్లుగా అమ్మాలని చూడకండి. కొనేది ఆసుపత్రి కోసమో అపార్ట్‌మెంట్ కోసమో. వాళ్లకి కట్టడం విలువ సున్నా, కూల్చే ఖర్చు ఎదురు. అలాంటి చోట రోడ్డు వెడల్పు, ముందు వైపు పొడవు ఎంతో రాసిన స్కెచ్ ఒక్కటి చాలు.

'రిజిస్ట్రేషన్ విలువ ఇంత, మిగతాది నగదు' అనే షరతు పెడుతుంటే అది ఈ రోజే మానేయండి. లోను మీద కొనేవాళ్లంతా ఆ మాట దగ్గరే వెనక్కి తిరుగుతారు. దస్తావేజులో తక్కువ రాస్తే బ్యాంకు తక్కువే ఇస్తుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడే ప్రమాదం అమ్మినవాళ్లకే.

కాగితాలు, రేటు సరిచేశాక ఇంటి మీదికి రండి. మన వైపు ఇళ్లకి మూడు జబ్బులు ఉంటాయి. రోడ్డు మట్టం, చెమ్మ, నీళ్లు.

రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇరవై ఏళ్ల ఇళ్లు పల్లమైపోయాయి. మేస్త్రీ వాడే నీళ్ల గొట్టం తెప్పించి గేటు దగ్గర రోడ్డు మధ్య మట్టానికీ ఇంటి గడపకీ తేడా కొలవండి. గడప అడుగు పైనుంటే ఆ మాట గట్టిగా చెప్పుకోవచ్చు. సమానంగా ఉంటే గేటు దగ్గర చిన్న ఎత్తుకట్ట, దాని లోపలి వైపు అడ్డంగా జాలీ కాలువ, అక్కడి నుంచి డ్రైనేజీకి పైపు పెట్టించండి. గడపే రోడ్డు కంటే కింద ఉంటే జాకీలతో ఇల్లు ఎత్తించే ఆలోచన అమ్మే ముందు వద్దు. ఖర్చు ఎక్కువ, దానికి తగ్గ ధర రాదు. రేటులో తగ్గించి చెప్పేయండి. 2021 నవంబరు పెన్నా వరద తర్వాత నెల్లూరులో ఇల్లు చూసే ప్రతివాళ్లూ 'ఇక్కడికి నీళ్లొచ్చాయా' అని అడుగుతున్నారు. పక్కింటివాళ్లని కూడా అడుగుతారు కాబట్టి ఉన్నది చెప్పడమే దారి. రైలు పట్టాలు దాటి వెళ్లాల్సిన చోటైతే వానకి అండర్ బ్రిడ్జి నిండినప్పుడు వేరే దారి ఏదో కూడా చూపించండి.

చెమ్మ విషయంలో అందరూ చేసే పని పుట్టీ పెట్టి రంగు కొట్టడం. కింద తడి ఉండగా వేసిన పుట్టీ ఒక్క ఈశాన్య రుతుపవనానికే పొక్కి రాలుతుంది. కొనేవాడు తెచ్చిన మేస్త్రీ గోడ మీద వేలి కణుపుతో తట్టి చూస్తాడు. డొల్ల శబ్దం వచ్చిన చోట గోరుతో గీకుతాడు, తెల్లని ఉప్పు పొడి రాలుతుంది. ఆ పొడి చూశాక మీరు కొత్తగా వేయించిన రంగంతా మోసంలా కనిపిస్తుంది. పని సరిగా చేయాలంటే ముందు తడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. గోడకి అవతల బాత్‌రూం ఉంటే పైపు లీకు. బయట మట్టి పునాది పట్టీ కంటే పైకి పోసి ఉంటే అక్కడి నుంచి. అది ఆపాక, చెమ్మ గీత కంటే రెండు మూడు అడుగులు పైదాకా పూత మొత్తం ఇటుక కనిపించేలా కొట్టించండి. ఇటుకల సందులు వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు ఇసుకలో బస్తాకి 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపి మళ్లీ పూయించాలి. వారం రోజులు నీళ్లు కొట్టి, మూడు నాలుగు వారాలు ఆరనిచ్చాకే రంగు. అందుకే ఈ పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ పూతా ఆరదు.

మిద్దె పైకప్పు, సన్‌షేడ్ల కింద పెచ్చులూడి ఇనుము కనిపిస్తుంటే దాని మీద సిమెంటు మెత్తి దాచొద్దు. లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, ఆర్నెల్లలో పెచ్చు మళ్లీ ఊడుతుంది. వదులు కాంక్రీటు కొట్టేసి, కడ్డీ తుప్పు పూర్తిగా గీకి, తుప్పు నివారణ పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపించండి. పని జరుగుతున్నప్పుడు ఫొటోలు తీసి ఉంచండి, కొనేవాడి మేస్త్రీకి అవి చూపిస్తే నోరెత్తడు. మిద్దె మీద నీళ్లు కట్టి 24 గంటలు నిలిపి కింద తడి రాకుండా ఉంటే ఆ పరీక్ష కూడా ఫొటో తీసుకోండి.

నీళ్లు. బోరు నీళ్లు టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) కొలిచి అంకె తెలుసుకోండి. తాగునీటికి 500 వరకు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 వరకు ప్రమాణం ఒప్పుకుంటుంది. ఒంగోల్లో మున్సిపాలిటీ నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, సంపు ఎన్ని లీటర్లు అన్నదే మొదటి ప్రశ్న. అక్కడ పెద్ద సంపు ఉన్న ఇల్లు ముందు పోతుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ పరీక్ష రిపోర్టు లేకుండా బోరు గురించి మాట్లాడటం దండగ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. బోరు లోతు, కేసింగ్ ఎంతవరకు, మోటారు ఎన్ని హార్స్ పవర్, ఎప్పుడు మార్చారు, ఇవి ఒక చీటీ మీద రాసి మోటారు స్విచ్ పక్కన అంటించండి.

వాస్తు గురించి వాదన వద్దు. తూర్పు, ఉత్తరం ముఖం ఇళ్లు ముందు పోతాయి, దక్షిణం ముఖం, వీధిపోటు ఉన్నవి ఆగుతాయి. నమ్మకం ఉన్నవాణ్ని మీరు మార్చలేరు. మెట్లు పగలగొట్టి, సెప్టిక్ ట్యాంకు జరిపి లక్షలు పోయకండి. ఇంకో వాస్తు పండితుడు వచ్చి ఇంకోటి తప్పంటాడు. దక్షిణం ఇల్లయితే ఆ మాట ప్రకటనలోనే రాసేయండి, పట్టింపు లేనివాళ్లే వస్తారు, టైము మిగులుతుంది.

అద్దెకున్నవాళ్లు ఉంటే చూపించే రోజుల్లో అద్దె కొంత తగ్గిస్తామని ముందే మాట్లాడుకోండి. ఇష్టం లేని అద్దెదారు వచ్చినవాళ్లకి చెప్పే ఒక్క మాట చాలు బేరం పోవడానికి.

బ్రోకర్ల విషయం. ఐదుగురికి చెబితే ఐదు రేట్లు ఊరు తిరుగుతాయి. ఒకాయన 95 అంటాడు, ఇంకొకాయన తన కమీషన్ పైన వేసుకుని కోటీ ఐదు అంటాడు. కొనేవాడికి మూడు చోట్ల మూడు రేట్లు వినబడితే ఇంటివాళ్లకే స్థిరం లేదనుకుంటాడు. ఇద్దరికి మించకుండా పెట్టుకోండి. ఒకే రేటు, కమీషన్ ఎంత శాతమో కాగితం మీద, పైన వేసుకోవడం లేదని ఖచ్చితంగా చెప్పండి. ఏడాదిగా వేలాడుతున్న 'అమ్మబడును' బోర్డు తీసేయండి. ఎండకి వెలిసిపోయిన బోర్డు చూసినవాళ్లు ఈ ఇంట్లో ఏదో లోపముందనే అనుకుంటారు. కాగితాలు సిద్ధమై రేటు సరిచేశాక కొత్త ఫొటోలతో మళ్లీ మొదలుపెట్టండి.

కాలం కూడా చూసుకోవాలి. ఆషాఢం, పుష్యం, మహాలయ పక్షం, మూఢాల్లో చూస్తారు గానీ బయానా ఇవ్వరు. ఆ నెలలు కాగితాలకీ రిపేర్లకీ వాడుకోండి. డబ్బు చేతిలో ఆడే రోజులు వేరే ఉన్నాయి. డెల్టాలో రబీ వరి మార్చి, ఏప్రిల్‌లో ఇంటికొస్తుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు డబ్బు వేసవిలో దిగుతుంది. బడులు తెరిచేలోపు టౌనుకి మారాలనుకునేవాళ్లు కూడా ఆ రోజుల్లోనే తిరుగుతారు. ఉగాది నాటికి ఇల్లు, కట్ట రెండూ సిద్ధంగా ఉండేలా పెట్టుకుంటే మేలు.

బయానా బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి. అగ్రిమెంటులో గడువు 90 రోజులు పెట్టండి. లోను రావడానికి నెల పైనే పడుతుంది, 30 రోజుల గడువు పెడితే అది మీకే గొడవవుతుంది. లోను రాకపోతే బయానా ఎంత తిరిగిస్తారో, ఎన్ని రోజుల్లోనో రాసుకోండి.

చివరిగా తమ్ముడి సంగతి. అతని సంతకం కోసం అందరూ ఆఖరి వారంలో పరిగెడతారు. ఈ ఇల్లు అమ్మడానికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపమనండి. అది ఇండియాలో అందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. పన్ను కోత కూడా అతనికి వేరు. మొత్తం ధర 50 లక్షలు లేదా ఆ పైన ఉంటే ఇక్కడున్న మీ ముగ్గురి వాటా మీద కొనేవాడు ఒక శాతం టీడీఎస్, అంటే ఆదాయపన్ను కింద ముందే కోసే మొత్తం, పట్టుకుంటాడు. పాన్ ఆధార్‌తో లింకు కాకపోతే అది 20 శాతమవుతుంది, కాబట్టి అమ్మ పాన్ ఇప్పుడే చూడండి. తమ్ముడి వాటా 20 లక్షలనుకుంటే, నాన్నగారు కొన్న రోజు నుంచే కాలం లెక్క కాబట్టి దీర్ఘకాలిక లాభమే. కానీ కొనేవాడు లాభం ఎంతో చూడడు, మొత్తం 20 లక్షల మీద 12.5 శాతం, సెస్సు కలిపి 2.6 లక్షలు పట్టుకోవాల్సి ఉంటుంది. అసలు లాభం తక్కువైతే తక్కువ కోతకి ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఆ దరఖాస్తుకి అగ్రిమెంటు కాపీ అడుగుతారు, రావడానికి వారాలు పడుతుంది. అందుకే అగ్రిమెంటు అయిన మర్నాడే ఆడిటరు చేత వేయించండి. రిజిస్ట్రేషన్ రోజుకి అది చేతిలో లేకపోతే కొనేవాడు పూర్తి కోత పట్టక తప్పదు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే తమ్ముడు ఇక్కడ రిటర్ను వేసి రీఫండు కోసం ఎదురుచూడాలి.